ఎప్సిలాన్ ముందు, డెల్టా తర్వాత: పర్లాకిమిడి మేడ గదిలో అవధుల పాఠం

జూన్ 22

ఈ రోజు నుంచి రాసి పెట్టుకోవాలనుకున్నాను. మేడ మీది గది, తొమ్మిది మంది పిల్లలు. ఆరుగురు ప్లస్ టూ, ముగ్గురు ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి ఏడు. అందరి ఇళ్లలోనూ తెలుగే. ఎనిమిది మంది పదో తరగతి దాకా ఒడియా మీడియం చదివారు. తొమ్మిదోవాడు పక్కనున్న పాతపట్నం నుంచి సైకిల్ మీద వస్తాడు, ఇంటర్ తెలుగు మీడియం. ఇప్పుడు అందరి పుస్తకాలూ ఇంగ్లీషే. అంచేత ఒకే సంగతి ఈ గదిలో మూడు పేర్లతో తిరుగుతోంది: సీమా, లిమిట్, అవధి. మూడింటిలో ఏదీ ఇంకా పిల్లల సొంతం కాలేదు.

లెక్కలు చెయ్యలేక కాదు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ని ఎక్స్ మైనస్ 2 తో భాగించి, 2 దగ్గర అవధి కనుక్కోమంటే రెండు వరుసల్లో తేల్చేస్తారు. పైదీ కిందదీ కొట్టేసి, ఎక్స్ బదులు 2 పెట్టి, 4 అని రాసి కింద గీత గీస్తారు. "మరి 4 కి దగ్గరవడమంటే ఏమిటి?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు, "దగ్గర దగ్గరగా వెళ్తాది గానీ తగల్దు మాస్టారూ" అన్నాడు. అందరూ తలలూపారు.

ఎప్పుడూ 5 గానే ఉండే ప్రమేయాన్ని (ఫంక్షన్‌ని) బోర్డు మీద గీసి, దీని అవధి ఎంత అన్నాను. "అయిదే." "తగిలిందా, లేదా?" "మొదట్నుంచీ తగిలే ఉంది." ఆ మాట పైకి అన్నాక వాళ్ల ముఖాల్లో అనుమానం మొదలైంది. ఆ అనుమానమే నాకు కావాలి.

అనుకున్నది ఇది: దసరాలోపు ప్రతి ఒక్కరూ అవధి నిర్వచనాన్ని తమ మాటల్లో చెప్పాలి, ఒక్క నిరూపణైనా ఎవరి సాయం లేకుండా రాయాలి. పనిముట్లు: పాత ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్, సున్నం గోడ, నాలుగు ఫోన్లు, జియోజీబ్రా. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన, గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ అది. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. మాకు అదే ముఖ్యం.

జూన్ 29

మొదటి బొమ్మ తయారైంది. వక్రం గీశాను. అవధి నిర్వచనంలో రెండు చిన్న దూరాలుంటాయి: ప్రమేయం విలువ అవధికి ఎంత దగ్గర ఉండాలో చెప్పేది ఎప్సిలాన్, అందుకు ఎక్స్ బిందువుకి ఎంత దగ్గర ఉండాలో చెప్పేది డెల్టా. అవధికి పైనా కిందా ఎప్సిలాన్ దూరంలో రెండు అడ్డ గీతలు, బిందువుకి అటూ ఇటూ డెల్టా దూరంలో రెండు నిలువు గీతలు. నాలుగూ కలిస్తే కిటికీ. ఫంక్షన్ కమాండుతో, నిలువు గీతల మధ్య ఉన్న వక్రం ముక్కను మాత్రమే లావుగా గీయించాను. ఆ లావు ముక్క కిటికీ పైనుంచి గానీ కిందనుంచి గానీ బయటికి పోకూడదు. అదొక్కటే నియమం. ఎప్సిలాన్‌కి ఒక స్లైడర్, డెల్టాకి ఒక స్లైడర్.

పిల్లలు గంటసేపు వదల్లేదు. కానీ నేను వెనక నిలబడి చూస్తుంటే ఒకటి గమనించాను. డెల్టా పెద్దదిగా పెట్టేసి, గీత బయటికి పోతే ఎప్సిలాన్‌ని పెంచుతున్నారు. గీత లోపలికి రాగానే "వచ్చేసింది!" అంటున్నారు. అలా చేస్తే దేనికైనా అవధి ఉన్నట్టే. పరీక్షిద్దామని 0 దగ్గర ఒక్కసారిగా మెట్టులా పైకి లేచే ప్రమేయం ఇచ్చాను. మెట్టుకన్నా ఎత్తైన కిటికీ పెట్టి, దానికీ అవధి ఉందన్నారు.

తప్పు పిల్లలది కాదు, బొమ్మది. రెండు స్లైడర్లనూ సమానంగా చేతికిచ్చాను. నిర్వచనంలో ఆ రెండూ సమానం కావు. ఎప్సిలాన్ ఎదుటివాడు అడిగేది, డెల్టా మనం ఇచ్చేది. అడగక ముందే ఇచ్చేసి, ఇచ్చినదానికి సరిపోయేలా అడగమంటే అది బేరమే కాదు.

జూలై 6

రెండో బొమ్మ. మార్పు చిన్నదే. 'ఖాయం' అని ఒక టిక్ పెట్టె పెట్టాను. జియోజీబ్రాలో ప్రతి ఆబ్జెక్టుకీ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అది కనిపించడానికి షరతు రాసుకోవచ్చు. ఖాయం నొక్కేదాకా డెల్టా స్లైడర్ కనపడదు. నొక్కగానే ఎప్సిలాన్ స్లైడర్ మాయమై దాని విలువ మాత్రం మిగులుతుంది, అప్పుడు డెల్టా బయటికొస్తుంది.

ఇద్దరిద్దరిని జత చేశాను. ఒకరు అడిగేవారు, ఒకరు ఇచ్చేవారు. ఇచ్చేవారు గోడకి వీపు పెట్టి కూర్చోవాలి, ఖాయం చేశాకే తిరగాలి. మెట్టు ప్రమేయం మళ్లీ ఇచ్చాను. అడిగేవాడు మెట్టులో సగంకన్నా తక్కువ ఎప్సిలాన్ పెట్టాడు. ఇచ్చేవాడు డెల్టాని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ స్లైడర్ చివరికి పోయాడు. "ఇంకా కిందకి పోతే దొరుకుతాదేమో, స్లైడర్ అయిపోయింది మాస్టారూ." పోయినవారం ఉందన్న పిల్లలే ఇప్పుడు "దొరకదురా, ఎంత తగ్గించినా రెండు పక్కలూ ఉంటాయి కదా" అని వాడికి నచ్చజెప్పారు. ఆ వాక్యంలో అవధి లేదనడానికి నిరూపణ సగం ఉంది. తెలియకుండానే అన్నారు.

ఇంకో సంగతి. చిల్లు ఉన్న ప్రమేయాన్ని గీస్తే జియోజీబ్రా చిల్లు చూపించదు, గీత నున్నగా పోతుంది. 2 దగ్గర బోలు చుక్క నేనే విడిగా పెట్టుకోవలసి వచ్చింది. బిందువు దగ్గర ఏముందో అవధికి అక్కర్లేదని చెప్పే ముందు, అక్కడ ఏమీ లేదని కంటికి కనపడాలి.

జూలై 13

వాన. కరెంటు లేదు. ప్రొజెక్టర్ మూల పెట్టి ప్లైవుడ్ పలక తీశాం. దాని మీద గ్రాఫ్ కాగితాలు అతికించి, వక్రాన్ని స్కెచ్ పెన్నుతో గీసి, ఎర్ర ఊలుదారాలు రెండు అడ్డంగా, నీలం దారాలు రెండు నిలువుగా పిన్నులతో బిగించాం. దారం జరపాలంటే పిన్ను పీకి మళ్లీ గుచ్చాలి. ఆ ఆలస్యమే మేలు చేసింది. స్లైడర్ మీద వేలు ఊరికే జారిపోతుంది. పిన్ను గుచ్చే ముందు మాత్రం "ఎక్కడ?" అని ఆగాలి. ఆ ఆగడంలో పిల్లలు లెక్క వేయడం మొదలుపెట్టారు. ఇకమీదట కరెంటు ఉన్నా పలక ఉంటుంది.

జూలై 20

ఈ రోజు ఒక వాక్యం దగ్గరే రెండు గంటలు.

ఇంగ్లీషు పుస్తకంలో నిర్వచనం ఇలా మొదలవుతుంది: ప్రతి ఎప్సిలాన్‌కీ, ఒక డెల్టా ఉంది, ఎలాంటిదంటే... పిల్లలు బట్టీ పట్టారు. అడిగితే డెల్టా ముందు, ఎప్సిలాన్ వెనక చెప్పేసినా వాళ్ల చెవికి తేడా తెలియడం లేదు. పుస్తకం మూసి, గోడకి వీపు పెట్టి ఆడిన ఆట ఏమిటో ఇంట్లో అమ్మకి చెప్పినట్టు చెప్పమన్నాను. కాశీనగరం నుంచి వచ్చే అమ్మాయి అంది: "వాడు ఎంత చిన్నది అడిగినా, దానికి తగ్గది నేను ఒకటి ఇవ్వగలను."

ఆ వాక్యం బోర్డు మీద రాసి విడదీశాను. "ఎంత చిన్నది అడిగినా": 'ప్రతి' అన్నది ఇక్కడే ఉంది. "ఒకటి ఇవ్వగలను": 'ఉంది' అన్నది ఇక్కడ. మధ్యలో "దానికి తగ్గది" ఉంది చూశారా, డెల్టా ఎప్సిలాన్ మీద ఆధారపడుతుందన్న సంగతి అదే చెబుతోంది. పుస్తకంలోని నిర్వచనం ఆ సంగతిని విడిగా చెప్పదు, క్రమంలో దాచిపెడుతుంది. మన వాక్యంలో క్రమం మార్చాలన్నా నోరు తిరగదు. తగ్గది అన్నామంటే, దేనికి తగ్గదో ముందే చెప్పి ఉండాలి.

ఇప్పుడు తిరగెయ్యండి, అవధి లేదని ఎలా చెబుతారు అన్నాను. పాతపట్నం కుర్రాడు కాస్త తడబడి, "వాడు ఒకటి అడిగాడండి. దానికి నేను ఏది ఇచ్చినా చాల్లేదు" అన్నాడు. 'ఎంత అడిగినా' కాస్తా 'ఒకటి అడిగాడు' అయింది. 'ఒకటి ఇవ్వగలను' కాస్తా 'ఏది ఇచ్చినా' అయింది. ప్లస్ త్రీలో చాలామంది తడబడే మెట్టు ఇదే. వాడు మాట్లాడే తెలుగే వాడిని దాటించింది.

1821లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ తన పాఠ్యపుస్తకంలో అవధిని మాటల్లోనే చెప్పాడు: ఎంత తక్కువ కావాలనుకుంటే అంత తక్కువ తేడాకి వచ్చేస్తుందని. ఇప్పుడు మనం రాసే కచ్చితమైన రూపం తర్వాత జర్మన్ గణితవేత్త వైర్‌స్ట్రాస్ పాఠాల్లో స్థిరపడింది. మాటల నుంచి గుర్తులకు రావడానికి ఐరోపాకే దశాబ్దాలు పట్టింది. మా పిల్లలకు ఒక్క పూట సరిపోవాలని నేను ఇన్నేళ్లూ ఎలా అనుకున్నానో!

ఇంటికి వెళ్లే దారిలో గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన పంతులుగా పనిచేసింది ఈ ఊరి రాజావారి బడిలోనే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక ఊరు విడిచి వెళ్లిపోయారు. పిల్లలు మాట్లాడే భాషలో పాఠం ఉండాలని ఆయన పట్టుబట్టిన ఊళ్లో, ఆ మాట నిజమని నేను లెక్కల పాఠంలో చూశాను.

ఆగస్టు 3

ఇది కాస్త వివరంగా రాయాలి.

ఎక్స్ స్క్వేర్, 2 దగ్గర. అవధి 4. ఎప్సిలాన్ ఇచ్చి డెల్టా వెతకమన్నాను, స్లైడర్‌తోనే. కాశీనగరం అమ్మాయి నోట్‌బుక్‌లో పట్టిక వేసుకుంది. ఎప్సిలాన్ 0.5 కి డెల్టా 0.12 సరిపోయింది, 0.13 బయటికి పోయింది. 0.1 కి 0.024. 0.01 కి 0.0024. పట్టిక చూసి లేచి నిలబడింది. "ఇంచుమించు నాలుగో వంతండీ. డెల్టా అంటే ఎప్సిలాన్ బై 4."

చాలా మంచి ఊహ. 2 దగ్గర వాలు 4 కాబట్టి ఆ నాలుగు ఊరికే రాలేదు. అందరూ స్లైడర్‌తో పరీక్షించారు. ఎప్సిలాన్ 0.1, డెల్టా 0.025. గోడ మీద లావు గీత కిటికీ మూలలో సరిగ్గా ఇమిడింది. "సరిపోయింది!"

"కాగితం మీద చెయ్యండి" అన్నాను. 2.025 ని 2.025 తో గుణిస్తే 4.100625. కిటికీ పైగడప 4.1. గీత 0.000625 బయటికి పోయింది.

గోడ మీద కనపడలేదేం? మా బొమ్మలో ఎప్సిలాన్ ఎత్తు సుమారు 200 పిక్సెళ్లు. 0.1 కి 200 అయితే, 0.000625 కి ఒక పిక్సెల్ మీద కొంచెం. మేం గీయించిన గీత మందమే అంతకన్నా ఎక్కువ. తప్పు గీత లోపలే దాక్కుంది.

"ఇంకా చిన్న ఎప్సిలాన్ అడిగితే సరిపోతాదేమో" అని ఒకడు ఆశపడ్డాడు. అప్పుడు అక్షరాలతో చేశాం. 2 కి ఎప్సిలాన్ బై 4 కలిపి వర్గం చేస్తే 4, దానికి ఎప్సిలాన్, దానికి ఎప్సిలాన్ స్క్వేర్ బై 16. ఆ ఆఖరి ముక్క ఎప్పుడూ సున్నా కాదు. అంటే ఏ ఎప్సిలాన్‌కీ నాలుగో వంతు చాలదు. ఒక్కసారి కూడా. బొమ్మ ప్రతిసారీ చాలుతుందంటోంది, లెక్క ప్రతిసారీ చాలదంటోంది.

ఆ అమ్మాయి కూర్చుండిపోయింది. నేను తన పట్టికను బోర్డు మీదకి ఎక్కించి, "ఈ ఊహ లేకపోతే మనం ఇక్కడిదాకా వచ్చేవాళ్లం కాదమ్మా" అన్నాను. అది ఓదార్పు మాట కాదు. తర్వాతి మెట్టు ఆ పట్టిక నుంచే దొరికింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 అంటే ఎక్స్ మైనస్ 2, ఎక్స్ ప్లస్ 2 ల లబ్ధం. మొదటిది డెల్టాకన్నా చిన్నది. రెండోది ఇంచుమించు 4, కానీ 4 దాటగలదు. ఎంతదాకా దాటుతుందో ఒక కట్ట వెయ్యాలి. డెల్టా 1 మించదని ముందే ఒప్పుకుంటే ఎక్స్ 3 కన్నా తక్కువ, ఎక్స్ ప్లస్ 2 అయిదుకన్నా తక్కువ. అయితే డెల్టాగా 1, ఎప్సిలాన్ బై 5 లలో చిన్నది తీసుకుంటే చాలు.

"కానీ 0.5 కి 0.12 వచ్చింది కదా, మీది 0.1 యే" అన్నాడొకడు. రెండూ సరే. అడిగినవాడికి తగ్గది ఇవ్వాలి గానీ, ఇవ్వగలిగినదాంట్లో పెద్దది ఇవ్వాలని ఎవరూ అనలేదు. స్లైడర్‌కి అలవాటుపడ్డ పిల్లలు అంచుదాకా తోసి చూస్తారు. నిరూపణకి అంచుతో పని లేదు, భద్రంగా లోపలున్నది చాలు. ఇది నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఆగస్టు 10

పోయినవారం దెబ్బకి పిల్లలు బొమ్మని వదిలేసి "అయితే అంకెలు వేసి చూద్దాం" అన్నారు. సరేనని 1 మైనస్ కొసైన్ ఎక్స్ ని ఎక్స్ స్క్వేర్‌తో భాగించి, 0 దగ్గర పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో విలువలు తీశాం. 0.1 కి 0.49958. 0.01 కి 0.499996. సగం అని అందరూ రాసేసుకున్నారు. ఇంకా పోనిమ్మన్నాను. 0.000001 కి 0.50004 వచ్చింది. 0.0000001 కి 0.4996. 0.00000001 కి సున్నా.

"అవధి సున్నాయా మాస్టారూ?" గొంతులో నిజంగా భయం.

కంప్యూటర్ ఒక సంఖ్యని సుమారు 16 అంకెలదాకానే గుర్తుంచుకోగలదు. అంత చిన్న కోణానికి కొసైన్, 1 కన్నా తగ్గేది దశాంశ బిందువు తర్వాత 16 సున్నాల తర్వాత వచ్చే 5 అంత. అది మిషన్‌కి ఆనదు, 1 అనే రాసుకుంటుంది. 1 లోంచి 1 తీస్తే సున్నా. అవధికి దగ్గరయ్యేకొద్దీ జవాబు బాగుపడాలి, ఇక్కడ ఒక గీటు దాటాక పాడవుతోంది. 1 మైనస్ కొసైన్ అంటే సగం కోణం సైన్ వర్గానికి రెండింతలు అని రాసుకుంటే రెండు వరుసల్లో సగం అని తేలిపోతుంది. పైథాన్‌కి కూడా ఆ రూపం ఇస్తే సరిగ్గానే చెబుతుంది. అది కూడా చేసి చూపించాను, మిషన్ మీద నమ్మకం పూర్తిగా పోకూడదు కదా.

ఆగస్టు 17, 24

నిరూపణ అంటే ఏమిటో విడిగా రుచి చూపించాలనిపించి అవధుల్ని రెండు వారాలు పక్కన పెట్టాను. లీన్ అనే నిరూపణ సహాయక సాఫ్ట్‌వేర్ మీద, లండన్ ఇంపీరియల్ కాలేజీలో కెవిన్ బజార్డ్, మహమ్మద్ పెద్రంఫర్ కలిసి చేసిన నేచురల్ నంబర్ గేమ్ ఉంది. బ్రౌజర్‌లో నడుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగించాం.

అందులో ఏ సంఖ్యకైనా సున్నా కలిపితే అదే సంఖ్య అన్నది నిర్వచనం, నిరూపించక్కర్లేదు. సున్నాకి ఆ సంఖ్యని కలిపితే అదే వస్తుందన్నది మాత్రం నిరూపించాలి, గణితానుగమనంతో (సున్నాకి నిజమని, ఒక సంఖ్యకి నిజమైతే తర్వాతిదానికీ నిజమని చూపే పద్ధతితో). "రెండూ ఒకటే కదండీ, దీనికి ఇంత ఎందుకు?" అన్నారు. ఒకటేనని ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని వెతికారు. ఎక్కడా లేదు. తెరకి కళ్లు లేవు, 'తెలిసిపోతోంది కదా' అంటే వినదు. బొమ్మ చూసి సరిపోయిందనుకునే అలవాటుకి అంతకన్నా మందు నాకు దొరకలేదు. ఇంగ్లీషు కమాండుల దగ్గర ఇద్దరు వెనకబడ్డారు. వాళ్లకు ప్రతి మెట్టూ తెలుగులో చీటీ మీద రాసిచ్చాను. వచ్చే ఏడు చీటీలు ముందే తయారు చెయ్యాలి.

సెప్టెంబరు 7

అనుక్రమాలు (సీక్వెన్సులు). ఇక్కడ డెల్టా బదులు 'ఎన్నో పదం నుంచి' అని చెప్పాలి. 1 లోంచి మూడో వంతు తీసి, అయిదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, ఇలా పోయే శ్రేణిని నాలుగింతలు చేస్తే పై (π) వస్తుంది. కేరళ గణితవేత్త మాధవుడి సంప్రదాయం కనిపెట్టినది ఇది. ఆ సంప్రదాయంలోని జ్యేష్ఠదేవుడు సుమారు 1530లో యుక్తిభాష రాశాడు. సంస్కృత శ్లోకాల్లో కాదు, మలయాళ వచనంలో, ఉపపత్తులతో (నిరూపణలతో) సహా. ఇది చెప్పినప్పుడు పాతపట్నం కుర్రాడు నిటారుగా కూర్చున్నాడు.

తెర మీద చుక్కలు π గీతకి అటొకటి ఇటొకటి పడుతూ దగ్గరవుతుంటే పిల్లలే గమనించారు: ఏ రెండు పక్కపక్క చుక్కల మధ్యైనా π ఇరుక్కుని ఉంటుందని. ఎప్సిలాన్ 0.02 అడిగితే 50 పదాలు చాలాయి. 0.001 అడిగితే వెయ్యి పదాలు కావాలి. "ఇంత నెమ్మదా!" అని నిట్టూర్చారు. నెమ్మదైనా అవధి అవధే, ఆటలో గడియారం లేదు.

సెప్టెంబరు 21

సైన్ 1/ఎక్స్. సున్నా దగ్గర జియోజీబ్రా గీసే బొమ్మ అలుక్కుపోయిన ముద్ద. పెద్దది చేస్తే ముద్ద ఆకారం మారుతుంది, ఒక్కోసారి ఖాళీలు కూడా కనిపిస్తాయి. ఇవేవీ ప్రమేయానివి కావు, తెర కొన్ని బిందువుల దగ్గరే విలువ తీసి కలుపుతుంది కాబట్టి వచ్చినవి. ఈసారి ఎవరూ బొమ్మని సాక్ష్యంగా తేలేదు. నేను చెప్పక్కర్లేకుండా కాగితాలు తీశారు.

ఒకమ్మాయి, ఇన్నాళ్లూ వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల, బోర్డు దగ్గరికొచ్చి రాసింది. యథాతథంగా ఎక్కించుకుంటున్నాను: "అవధి ఏదో ఒకటి ఉందని వాళ్లంటారు. నేను సగం అడుగుతాను. వాళ్లు ఎంత చిన్న డెల్టా ఇచ్చినా అందులో విలువ 1 అయ్యే చోటు ఒకటుంది, మైనస్ 1 అయ్యే చోటు ఒకటుంది. రెండింటి మధ్య దూరం 2. నా కిటికీ ఎత్తు 1. రెండూ పట్టవు."

ఆ చోట్లు ఎక్కడున్నాయో కూడా చూపించాలని మిగిలినవాళ్లు పట్టుబట్టారు. పది నిమిషాల్లో అవీ రాసింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

సెప్టెంబరు 28

తొమ్మిది మందిలో ఏడుగురు ఎక్స్ స్క్వేర్ నిరూపణ సొంతంగా రాశారు. ఒకరికి 'డెల్టా 1 మించదు' అన్న మెట్టు ఎందుకో ఇంకా అందలేదు. ఇంకొకరు జ్వరంతో రాలేదు. దసరా తర్వాత ఆ ఇద్దరితో పలక దగ్గర కూర్చోవాలి.

సర్దుకుంటుండగా కాశీనగరం అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు ఆగింది. ఎప్సిలాన్ బై 5 డెల్టాని అలాగే ఉంచి, బిందువుని 2 నుంచి మెల్లగా జరిపింది. మూడు దగ్గరే గీత కిటికీ దాటిపోయింది. నూరు దగ్గరికి తీసుకెళ్లింది. ఎప్సిలాన్ 0.5, డెల్టా 0.1. 100.1 వర్గం 10020.01, అవధికి 20 దూరం.

"డెల్టా ఎప్సిలాన్‌కే కాదండీ, చోటుకి కూడా తగ్గది ఉండాలా? మరి అన్ని చోట్లకీ ఒకటే సరిపోయే ప్రమేయాలు ఉంటాయా?"

సైన్ ఎక్స్ గీసి చూడు అన్నాను. వచ్చే ఆదివారానికి బిందువుకి కూడా ఒక స్లైడర్ పెట్టాలి. అది డెల్టా ఖాయం అయ్యాకే కనపడాలి.